ట్యాంకులో ముగ్గురికి ఉన్న రక్షణ బస్సులో నలభై మందికీ ఉండాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రవాణా కమిషనర్లకు,

నమస్కారం.

నేను భారత సైన్యంలో వాహనాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఇ.ఎం.ఇ. విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ట్యాంకులు, పదాతి సైనికులను మోసే బి.ఎం.పి. కవచ వాహనాల మరమ్మతు నా వృత్తి. ఆ వాహనాల్లో మంటను పసిగట్టి, మనిషి చెయ్యి పడకుండానే ఆర్పేసే ఒక వ్యవస్థ ఉంటుంది. దాన్ని విప్పడం, శుభ్రం చేయడం, పరీక్షించడం, తిరిగి బిగించడం నా పనిలో పెద్ద భాగం. ఆ అనుభవం నుంచి పుట్టిన మరో వ్యవస్థను మన రక్షణ శాస్త్రవేత్తలు ప్రయాణికుల బస్సుల కోసం తయారుచేశారు. అది కాగితం మీద ఉంటే చాలదు. రోజూ రాత్రి మన రోడ్ల మీద నడిచే బస్సులో, అవసరమైన ఆ ఒక్క నిమిషంలో అది పనిచేయాలి. అలా పనిచేసేలా చూసే అధికారం మీ చేతుల్లో ఉంది కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట దగ్గర పాలెం వద్ద, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కల్వర్టు గోడను ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారకముందే, కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కింద ఒక మోటారు సైకిలు ఇరుక్కుని మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. రెండింటికీ మధ్య పన్నెండేళ్లు. అదే జాతీయ రహదారి, అవే రెండు నగరాలు, అదే నిద్రవేళ. రెండోసారి కూడా బతికి బయటపడ్డవారిలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవారే.

ట్యాంకు సంగతి ముందు చెబుతాను. మంటతో ఎలా పోరాడాలో సైన్యాలు ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాయి. బస్సుకు కావలసిన పాఠాలన్నీ ఆ చరిత్రలోనే ఉన్నాయి.

టి-72 ట్యాంకులో మనుషులు ముగ్గురు. వాళ్ల చుట్టూ, లోపలా బయటా కలిపి, వెయ్యి లీటర్లకు పైగా డీజిలు. కాళ్ల కింద గుండ్రంగా పేర్చిన ఫిరంగి మందుగుండు. కవచాన్ని చీల్చే గుండు ఇంధనపు ట్యాంకు గుండా లోపలికి దూసుకొస్తే డీజిలు సన్నని తుంపరగా మారి సిబ్బంది గదిలో పరచుకుంటుంది. మామూలుగా డీజిలు అగ్గిపుల్లకు కూడా తేలిగ్గా అంటుకోదు. తుంపరగా మారిన డీజిలు మాత్రం గది నిండా ఒక్కసారిగా అగ్నిగోళమై లేస్తుంది. అందులో ఉన్న మనిషికి తలుపు వైపు చూసే వ్యవధి కూడా ఉండదు. అందుకే ఆ గదిలో పెట్టే వ్యవస్థకు కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కిస్తారు. సెన్సారు మంటను గుర్తించడానికి కొన్ని మిల్లీసెకన్లు. కంట్రోలు పెట్టె ఆదేశమిచ్చి, సిలిండరు మూత తెరుచుకుని, వాయువు గది అంతా వ్యాపించి, మంట ఆరిపోయే వరకు మొత్తం 250 మిల్లీసెకన్లు. అంటే సెకనులో నాలుగో వంతు.

మంట ఆరితే పని అయిపోయినట్టు కాదు. లోపలి మనిషి బతకాలి. అతని చర్మం తీవ్రంగా కాలకూడదు. ఒక్కసారిగా విడుదలైన వాయువు ఒత్తిడికి ఊపిరితిత్తులు దెబ్బతినకూడదు. గదిలో ప్రాణవాయువు 16 శాతం కంటే తగ్గకూడదు. ఆర్పే వాయువు మంట వేడికి విచ్ఛిన్నమైతే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషం పుడుతుంది, అది హద్దు దాటకూడదు. ఈ షరతులన్నిటినీ కలిపి చూసిన తర్వాతే ఆ వ్యవస్థను యోగ్యమైనదిగా లెక్కిస్తారు. యంత్రాన్ని కాపాడటానికి ఒక కొలత, మనిషిని కాపాడటానికి మరో కొలత ఉన్నాయన్న సంగతి మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. బస్సు నిబంధనల దగ్గరికి వచ్చినప్పుడు ఈ తేడా మళ్లీ ఎదురవుతుంది.

సెన్సారు మంటను ఎలా గుర్తిస్తుంది? డీజిలు, పెట్రోలు లాంటి హైడ్రోకార్బన్లు కాలినప్పుడు పుట్టే వేడి కార్బన్ డయాక్సైడు 4.3 మైక్రాన్ల దగ్గర పరారుణ కాంతిని బలంగా వెలువరిస్తుంది. సెన్సారు ఆ కాంతినీ, దాని పక్కనున్న మరో తరంగదైర్ఘ్యాన్నీ పోల్చి చూస్తుంది. ఎండ పడినా, సిగరెట్టు వెలిగినా, ఫిరంగి పేలినా అది మోసపోకూడదు. ఇంజన్ గదిలో ఇంత వేగం అక్కర్లేదు. అక్కడ వేడికి స్పందించే తీగను ఇంజన్ చుట్టూ తిప్పుతారు. ఒక సిలిండరుతో మంట ఆరకపోతే వాడటానికి మరొకటి సిద్ధంగా ఉంటుంది. గాలి పంకాలు ఆగిపోతాయి, లేకపోతే వదిలిన వాయువంతా బయటికి పోతుంది.

ఇదంతా ఒక్క రోజులో రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ షెర్మన్ ట్యాంకులు తేలిగ్గా అంటుకుంటాయని అపఖ్యాతి మూటగట్టుకున్నాయి. నింద పెట్రోలు ఇంజన్ మీద పడింది గానీ, లోతుగా చూస్తే ప్రధాన కారణం మందుగుండును పేర్చిన తీరు. గుండు దూసుకుపోయిన షెర్మన్లలో పాత తరహావి 60 నుంచి 80 శాతం కాలిపోతే, మందుగుండును ద్రవంతో నిండిన అరల మధ్యకు మార్చిన తర్వాత అది 10 నుంచి 15 శాతానికి తగ్గింది. 1973 యుద్ధంలో ఇజ్రాయెల్ వాడిన అమెరికన్ ట్యాంకుల్లో టరెట్‌ను, అంటే ఫిరంగి ఉండే పై భాగాన్ని, తిప్పే హైడ్రాలిక్ నూనె అంటుకుని సిబ్బంది కాలిపోయారు. ఆ యుద్ధం తర్వాతే తేలిగ్గా అంటుకోని నూనెలు, మిల్లీసెకన్లలో పనిచేసే వ్యవస్థలు ఊపందుకున్నాయి. మంటను ఆర్పడంలో హేలాన్ 1301 అనే వాయువును మించింది లేదని చాలాకాలం నమ్మారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలాక, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాని ఉత్పత్తి ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన వాయువులను కూడా అదే ఒప్పందానికి 2016లో చేసిన కిగాలి సవరణ కింద క్రమంగా తగ్గించుకోవాలి. మన దేశం ఆ తగ్గింపును 2032లో మొదలుపెట్టాలి. బస్సు యజమానులకు వ్యవస్థలు అమ్మేవారిని ఏ వాయువు వాడుతున్నారు, పదేళ్ల తర్వాత అది దొరుకుతుందా అని మీ శాఖ ఇప్పుడే అడిగి ఉంచుకుంటే మంచిది.

మన దగ్గర కూడా ఈ విద్య ఉంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం 1980ల నుంచి శరత్ అనే పేరుతో బి.ఎం.పి.-2 వాహనాలను తయారుచేస్తోంది. అందులో సిబ్బంది ముగ్గురు, వెనక ఏడుగురు పదాతి సైనికులు. ఆ ఏడుగురూ దిగవలసిన వెనక తలుపులు బోలుగా ఉంటాయి. వాటిలోనే ఇంధనం నింపే ఏర్పాటు ఉంటుంది. తప్పించుకునే దారిలోనే ఇంధనం ఉన్న బండిలో సైనికుడు ధైర్యంగా కూర్చుంటున్నాడంటే, తన వెనక ఒక వ్యవస్థ మేలుకొని ఉందని, దాన్ని ఎవరో సరిగ్గా చూసుకుంటున్నారని అతని నమ్మకం. ఆ చూసుకోవడం ఎలాగో నేర్పే పెద్ద విద్యాలయం సికింద్రాబాద్ తిరుమలగిరిలోని ఎం.సి.ఇ.ఎం.ఇ.

ఇక బస్సు. ఢిల్లీలో అగ్ని, పేలుడు పదార్థాలు, పర్యావరణ భద్రత కోసం పనిచేసే ప్రయోగశాల ఒకటి ఉంది, అది రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఒ.ది. సి.ఎఫ్.ఇ.ఇ.ఎస్. అంటారు. ట్యాంకులు, నౌకలు, జలాంతర్గాముల్లో మంటలను ఆర్పిన అనుభవంతో ఆ ప్రయోగశాల బస్సులకు ఒక వ్యవస్థను రూపొందించింది. 2020 నవంబరు 9న డి.ఆర్.డి.ఒ. భవన్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, రవాణా మంత్రి నితిన్ గడ్కరీల ముందు దాన్ని ప్రదర్శించారు. ప్రయాణికుల గది కోసం 80 లీటర్ల నీటి ట్యాంకు, 200 బార్ల పీడనంతో నింపిన 6.8 కిలోల నైట్రోజన్ సిలిండరు, పైకప్పు పొడవునా గొట్టాలు, 16 తుంపర నాజిళ్లు. మంటను 30 సెకన్లలోపు గుర్తించి, 60 సెకన్లలో ఆర్పుతుందని చెప్పారు. ఇంజన్ గదిలో ఏరోసాల్ ఉత్పాదకం, అంటే మంటను ఆర్పే అతి సన్నని రేణువులను వెదజల్లే పరికరం, పెట్టారు. అది పనిచేయడం మొదలుపెట్టిన 5 సెకన్లలో మంట ఆరుతుంది.

80 లీటర్ల నీళ్లతో బస్సు మంట ఆరుతుందా అని చాలామంది అడుగుతారు. ఆ నీళ్లు ధారగా పడితే నిజంగానే చాలవు. అతి సన్నని బిందువులుగా విడిపోయినప్పుడు నీళ్లు వెంటనే ఆవిరవుతాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు ఆక్రమించి మంట దగ్గర గాలిని పక్కకు నెడుతుంది. ఆవిరయ్యే క్రమంలో ఎంతో వేడిని తనలోకి పీల్చుకుంటుంది. పైగా నీరు ఎవరికీ విషం కాదు. ట్యాంకులో ముగ్గురు శిక్షణ పొందిన యువకులుంటారు. బస్సులో పసిపిల్లలు, నిండు గర్భిణులు, ఉబ్బసంతో ఉన్న పెద్దవాళ్లు ఉంటారు. వాళ్లకు నీటి తుంపరను ఎంచుకోవడం ఆ శాస్త్రవేత్తల వివేకం.

2022 జనవరి 27న కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ బస్సుల మంట రక్షణకు సంబంధించిన ఎ.ఐ.ఎస్.-135 ప్రమాణాన్ని విస్తరిస్తూ, దూరప్రయాణ బస్సుల్లోనూ స్కూలు బస్సుల్లోనూ ప్రయాణికుల గదికి కూడా మంట హెచ్చరిక, రక్షణ వ్యవస్థల గురించి ప్రకటన ఇచ్చింది. అంతకుముందు ఆ ప్రమాణం ఇంజన్ గదికే పరిమితం. బస్సు మంటల్లో గాయాలకు ముఖ్య కారణం ప్రయాణికుల గదిలోని వేడి, పొగ అని, ఆ గదిలో ఉష్ణోగ్రతను 50 డిగ్రీల లోపు ఉంచగలిగితే బయటపడటానికి సమయం దొరుకుతుందని అందులో చెప్పారు. ఈ ఆలోచన సరైనదని ట్యాంకుల మీద పనిచేసినవాడిగా సాక్ష్యం చెప్పగలను. పాలెంలో గానీ చిన్నటేకూరులో గానీ మంట ఇంజన్ గదిలో మొదలు కాలేదు. మొదటిచోట డీజిలు ట్యాంకు పగిలింది, రెండోచోట బస్సు కింద ఈడ్చుకుపోయిన మోటారు సైకిలు పెట్రోలు అంటుకుంది. వెనకనున్న ఇంజన్ గదిలో ఎంత గొప్ప సిలిండరు ఉన్నా ఆ రెండు రాత్రుల్లో దాని వల్ల ఒరిగేది తక్కువ. కాబట్టి ఇంజన్ గదిలో ఒక సిలిండరు చూసి ‘ఫైర్ సిస్టం ఉంది’ అని టిక్కు పెట్టే తనిఖీ ప్రయాణికుణ్ణి కాపాడదు. యంత్రానికి ఒక కొలత, మనిషికి మరో కొలత అని పైన రాసింది ఇందుకే.

అన్ని మంటలనూ ఈ వ్యవస్థ ఆర్పేస్తుందని నేను అనడం లేదు. వందల లీటర్ల డీజిలు రోడ్డు మీద పారి మండుతుంటే 80 లీటర్ల తుంపర దాన్ని ఆర్పలేదు. లోపలి పొగను, వేడిని కొంతసేపు అదుపులో ఉంచి, మనుషులు దిగడానికి కొన్ని నిమిషాలు సంపాదించి పెడుతుంది. చాలామందికి కావలసింది ఆ కొన్ని నిమిషాలే. సీట్ల ఫోము, రెక్సిను, తెరలు కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడు, సయనైడు ఉంటాయి. నిద్రలో ఉన్నవాళ్లు మంట తమను తాకకముందే స్పృహ కోల్పోతారు. పడక బస్సు పై బెర్తులో ఉన్నవాడికి పొగ అందరికంటే ముందు చేరుతుంది.

ట్యాంకు విషయంలో కూడా ఇలాంటి హద్దు ఒకటి ఉంది. ఫిరంగి మందు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తనలోనే దాచుకుంటుంది. అది అంటుకున్నాక ఏ వాయువు వదిలినా ఆగదు. అందుకే అమెరికన్ అబ్రామ్స్ ట్యాంకులో మందుగుండును సిబ్బందికి దూరంగా, ఉక్కు తలుపు వెనక ఉంచి, పేలుడు పైకి పోయే పలకలు పెట్టారు. ఆర్పలేనిదాన్ని మనుషుల నుంచి వేరుచేశారు. బస్సులో ఈ స్థానం లిథియం బ్యాటరీలది. అవి వేడెక్కి అదుపు తప్పితే లోపలి నుంచే ఆక్సిజన్ పుడుతుంది, బయటి వాయువు దాన్ని ఆపదు. చిన్నటేకూరు బస్సు అడుగున సరుకుగా వెళ్తున్న మొబైల్ ఫోన్లు మంటను పెంచాయని వార్తలు వచ్చాయి. ప్రయాణికుల సామాను పెట్టవలసిన డిక్కీలో పార్సిలు సర్వీసులు నడుపుతున్నంత కాలం, పైన నిద్రపోతున్నవాళ్ల పడకల కింద ఏముందో ఎవరికీ తెలియదు. ఫోన్ల పెట్టెలు, ఇ-స్కూటరు బ్యాటరీలు, బాణసంచా, రసాయనాలు ప్రయాణికుల బస్సులో వెళ్లకూడదు. దీనికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య ట్రావెల్స్ బస్సులు బయల్దేరే చోట మీ అధికారులు డిక్కీలు తెరిపించి చూస్తే చాలు.

ఈ లేఖలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం నిర్వహణ. వర్క్‌షాపులో కొత్తగా చేరినవాడికి మేము మొదట చెప్పేది, పీడనం చూపే గడియారాన్ని నమ్మొద్దని. ఇంజన్ గదుల్లో వాడే కొన్ని వాయువులు సిలిండరులో ద్రవరూపంలో ఉంటాయి, వాటిని నెట్టడానికి పైన నైట్రోజన్ నింపుతారు. సన్నని లీకు ద్వారా అసలు వాయువు కొంత పోయినా ముల్లు పచ్చ గీత మీదే నిలబడి ఉండవచ్చు. అందుకని సిలిండరును విప్పి తూచాలి. బరువు 5 శాతానికి మించి తగ్గితే దాన్ని తీసి మళ్లీ నింపించాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. నైట్రోజన్ ఒక్కటే ఉన్న సిలిండరుకు పీడనం చూస్తే సరిపోతుంది, అదీ ఆనాటి ఎండతో సరిపోల్చి చూడాలి. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో కనిపించే అంకె, జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో కనిపించదు. ఏరోసాల్ ఉత్పాదకానికి గడువు తేదీ ఉంటుంది, దాన్ని రగిలించే తీగలో కరెంటు సాగుతోందో లేదో మీటరు పెట్టి చూడాలి.

నీటి తుంపర వ్యవస్థకు మన ప్రాంతంలో ప్రత్యేకమైన శత్రువు ఒకటి ఉంది, బోరు నీళ్లు. ఉప్పులు ఎక్కువగా ఉన్న మన బోరు నీళ్లను ఆ 80 లీటర్ల ట్యాంకులో నింపితే నాజిళ్ల సన్నని రంధ్రాలు సున్నంతో పూడుకుపోతాయి. బయటికి అన్నీ బాగానే కనిపిస్తాయి. మంట వచ్చిన రోజున పదహారు నాజిళ్లలో ఎన్ని పనిచేస్తాయో దేవుడికే తెలియాలి. శుద్ధి చేసిన నీళ్లే పోయాలని, నాజిళ్లను విప్పి చూడాలని నిబంధనలోనే రాయించండి.

సెన్సార్ల అద్దాల మీద దుమ్ము, నూనె పేరుకుంటే అవి గుడ్డివైపోతాయి. ట్యాంకులో తనను తాను పరీక్షించుకునే మీట ఉంటుంది, దీపం వెలగకపోతే ఆ బండి కదలదు. వెల్డింగు చేసేటప్పుడు ఆ వెలుగుకు వ్యవస్థ పొరపాటున పేలకుండా ముందు దాన్ని ఆపుతాం. ఆపినట్టు స్టీరింగు దగ్గర ఎర్ర చీటీ కడతాం, పని అయ్యాక మళ్లీ కలిపి లాగ్‌బుక్కులో సంతకం చేస్తాం. సంతకం చేసినవాడే జవాబుదారీ. బస్సుల షెడ్లలో వెల్డింగులు, ఎ.సి. రిపేర్లు, అదనపు లైట్ల వైరింగు నిత్యం జరుగుతూనే ఉంటాయి. అక్కడ ఎర్ర చీటీ ఎవరు కడుతున్నారు? తిరిగి కలిపినట్టు ఎవరు సంతకం చేస్తున్నారు?

ఇంకో సంగతి. మన డ్రైవర్లు బండి తీసేముందు దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తారు, కర్పూరం ముట్టిస్తారు. అది వాళ్ల నమ్మకం, నేనూ ట్యాంకు తీసేముందు దండం పెట్టుకున్నవాణ్ణే. పొగ సెన్సారు ఆ పక్కనే ఉంటే రోజూ అలారం మోగుతుంది. నాలుగు రోజులు చూసి క్లీనరు ఆ వైరు పీకేస్తాడు. సైన్యంలో కూడా ఊరికే మోగే వ్యవస్థను సిబ్బంది ఆపేస్తారు, అందుకే రెండు తరంగదైర్ఘ్యాలను పోల్చే సెన్సార్లు వచ్చాయి. బస్సులో సెన్సారును ఎక్కడ బిగించాలో, ఎలాంటి సెన్సారు కావాలో నిర్ణయించేటప్పుడు ఈ వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వైరు పీకిన బస్సును మాత్రం బ్రేకు లేని బస్సుతో సమానంగా చూడాలి.

ఇప్పుడు ఫిట్‌నెస్ విషయం. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పత్రం ఇస్తారు. రెండేళ్లలో ఒక సిలిండరు లీకై ఖాళీ కావడానికి, ఒక ఏరోసాల్ గడువు తీరడానికి, ఒక సెన్సారు దుమ్ము పట్టడానికి కావలసినంత వ్యవధి ఉంది. అందువల్ల ఫిట్‌నెస్ పత్రంతో సంబంధం లేకుండా మంట వ్యవస్థకు విడిగా ఆరు నెలలకోసారి తనిఖీ పెట్టండి. అందులో సిలిండరు బరువు లేదా పీడనం, గడువు తేదీలు, సెన్సారు పరీక్ష ఫలితం, పరీక్షించిన మనిషి పేరు ఉండాలి. ఎలక్ట్రిక్ బస్సులకు బ్యాటరీ గది హెచ్చరిక కూడా ఇందులో చేరాలి. ఆర్టీసీలు ఇప్పుడు వాటిని ఎక్కువగా తీసుకుంటున్నాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు.

మీ మోటారు వాహన తనిఖీ అధికారుల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ పరీక్షలు వారి చదువులో భాగం కాదు. తిరుమలగిరిలో ఇ.ఎం.ఇ. అధికారులు ఉన్నారు, ఢిల్లీలో ఆ వ్యవస్థను తయారుచేసిన శాస్త్రవేత్తలు ఉన్నారు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి రక్షణ శాఖను కోరితే తనిఖీ అధికారులకు శిక్షణ ఇప్పించడం కష్టం కాదు. హకీంపేటలోని ఆర్టీసీ శిక్షణ కేంద్రంలో డ్రైవర్లకు కూడా ఒక పాఠం చేర్చాలి. ట్యాంకు సిబ్బందికి మంట వస్తే ఎవరు ఏ తలుపు గుండా దిగాలో కళ్లు మూసుకుని చేయగలిగేంత వరకు సాధన చేయిస్తారు. బస్సు డ్రైవరు ఎ.సి. బ్లోయరు ఆపాలి, బ్యాటరీ కట్ చేయాలి, తలుపు విడిపించాలి, చేత్తో లాగే మీట ఎక్కడుందో చీకట్లో కూడా తెలియాలి. బ్లోయరు ఆగకపోతే పొగ ప్రతి బెర్తుకూ చేరుతుంది, తుంపర కూడా చెదిరిపోతుంది. చిన్నటేకూరులో ముందు తలుపు తెరుచుకోలేదని బతికినవాళ్లు చెప్పారు. మంట అలారం మోగితే గాలి పంకాలు తమంతట ఆగేలా కలపడం ట్యాంకులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. బస్సులో బ్లోయరు అలాగే ఆగి, తలుపు తాళం కూడా తనంతట వదిలేలా కలపాలి.

పాత బస్సుల యజమానులు ఖర్చు గురించి మాట్లాడతారు. వాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. పూర్తి తుంపర వ్యవస్థను పాత బస్సులో అమర్చడం ఖర్చుతో, శ్రమతో కూడిన పనే. అలాంటి బస్సులకు దశలవారీగా వెళ్లండి. మొదట ఇంజన్ గదికి, బ్యాటరీ పెట్టెకు ఏరోసాల్, ప్రయాణికుల గదిలో పొగ అలారం, తలుపు, కిటికీల సవరణ. తర్వాత గడువు పెట్టి తుంపర. ఆ గడువు దాటిన బస్సు రాత్రిపూట దూరప్రయాణం చేయకూడదు. బెర్తుల కోసం అత్యవసర ద్వారం మూసేసిన బస్సుకు మాత్రం ఏ గడువూ ఇవ్వకండి.

చాలా బస్సులు ఇక్కడ తిరుగుతాయి, రిజిస్ట్రేషను మరో రాష్ట్రంలో ఉంటుంది. ఫిట్‌నెస్ ఇచ్చింది మేము కాదు అని మీరు అనవచ్చు. కానీ మన ఊళ్లలో ఎక్కే ప్రయాణికులు మనవాళ్లు. పర్మిటు తనిఖీ చేసే అధికారం మీకుంది, ఆపి చూసే అధికారం ఉంది. ఏ రాష్ట్రపు నంబరున్నా ఆరు నెలల మంట తనిఖీ పత్రం లేని దూరప్రయాణ బస్సును మీ సరిహద్దుల్లో ఆపడానికి చట్టపరంగా ఏం కావాలో కేంద్రాన్ని అడిగి తెచ్చుకోండి. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలను కలుపుకుని అడిగితే ఇంకా బలంగా ఉంటుంది. 2025 అక్టోబరు 14న రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర, 2023 జులై 1న మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో బస్సులు కాలి పెద్ద సంఖ్యలో జనం చనిపోయారు. ఈ దుఃఖం మన రెండు రాష్ట్రాలదే కాదు.

ఒక పని మాత్రం కేంద్రం కోసం ఎదురుచూడకుండా మీరు చేయగలరు. సంక్రాంతికి మన రెండు రాష్ట్రాల మధ్య వేల బస్సులు తిరుగుతాయి, ప్రత్యేక బస్సులూ దిగుతాయి. ఆ రద్దీకి నెల ముందు రెండు రాష్ట్రాల్లోని దూరప్రయాణ బస్సులన్నిటినీ, ప్రైవేటువైనా ఆర్టీసీవైనా, ఒక్కసారి నిలబెట్టి వాటిలోని మంట వ్యవస్థను పరీక్షించండి. సిలిండరు తూచండి, గడువు చూడండి, సెన్సారు ముందు పరీక్ష దీపం పెట్టండి, వెనక అత్యవసర తలుపు తెరవండి. ఫలితాన్ని బస్సు నంబరుతో సహా మీ శాఖల వెబ్‌సైట్లలో పెట్టండి. టికెట్టు కొనేముందు ప్రయాణికుడు ఆ నంబరు కొట్టి చూసుకోగలగాలి. పరీక్షలో తప్పిన బస్సుల జాబితా కూడా అక్కడే ఉండాలి, సరిచేసుకున్నాక తీసేయవచ్చు.

ఆ పరీక్షలకు చేతులు చాలకపోతే సికింద్రాబాద్‌లోనూ, గుంటూరు, ప్రకాశం జిల్లాల ఊళ్లలోనూ నాలాంటి విశ్రాంత ఇ.ఎం.ఇ. సిబ్బంది చాలామంది ఉన్నారు. మీ కార్యాలయం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు ఒక ఉత్తరం రాస్తే పేర్లు వస్తాయి. తూకం యంత్రం, మీటరు పట్టుకుని డిపోలకు రావడానికి మేము సిద్ధం.

ఇట్లు,
ఇ.ఎం.ఇ. విశ్రాంత జె.సి.ఓ. (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్),
సికింద్రాబాద్